పేస్‌మేకర్ పెట్టిన చోట ఎర్రగా, ఒకటే దురద. ఇన్ఫెక్షనా, ఎలర్జీయా?

కృష్ణలంక_కిరణ్
మా నాన్నకు 66 ఏళ్ళు. గుండె నిమిషానికి 34 సార్లే కొట్టుకుంటోందని, రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయారని ఫిబ్రవరి చివర్లో పేస్‌మేకర్ పెట్టారు. ఆపరేషన్ బాగానే జరిగింది, పదో రోజుకి గాయం మానింది, మనిషి హుషారుగా కృష్ణ ఒడ్డుకి వాకింగ్ కూడా మొదలుపెట్టారు. నాలుగో వారం నుంచి మొదలైంది. ఎడమ భుజం కింద పేస్‌మేకర్ ఉన్న చోట ఎర్రగా అయి, చిన్న చిన్న పొక్కులు లేచి, నీరు కారుతోంది. దురద ఎంతంటే రాత్రి నిద్రలో గోకేస్తున్నారని అమ్మ ఆయన చేతికి గుడ్డ చుట్టి పడుకోబెడుతోంది.
ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి (పేరు చెప్పను) మూడుసార్లు తీసుకెళ్ళాం. ఇన్ఫెక్షన్ అన్నారు. రెండు కోర్సులు యాంటీబయోటిక్ మాత్రలు, తర్వాత ఐదు రోజులు ఇంజెక్షన్లు. జ్వరం ఒక్కరోజు కూడా రాలేదు, చీము లేదు, అయినా తగ్గలేదు. ఇప్పుడేమో మొత్తం తీసేసి కుడివైపు కొత్తది పెట్టాలి అంటున్నారు. అమ్మ రోజూ రెండు పూటలా తుడిచి ఆయింట్‌మెంట్ రాసి పసిపిల్లాడిని చూసుకున్నట్టు చూసుకుంటోంది, పైగా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ పప్పు పెట్టావా, వంకాయ పెట్టావా అని ఆవిడనే అడుగుతున్నారు. రాత్రి వంటింట్లో కూర్చుని ఏడ్చింది.
పేస్‌మేకర్ లోహం పడకపోవడం అనేది ఉంటుందా? ఎవరికైనా అయిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

బ్రాడీపేట_4వలైన్
పప్పు తింటే చీము పడుతుందని మా ఇంట్లో కూడా అంటారు. మా అమ్మమ్మ సిజేరియన్ అయిన మా అక్కకి నెల రోజులు కారప్పొడి, నెయ్యి తప్ప ఏమీ పెట్టలేదు. పప్పుకీ పుండుకీ సంబంధం లేదు, గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. ముందు మీ అమ్మగారికి ఆ మాట చెప్పు తమ్ముడూ.

పటమట_పద్మ
నేను 22 ఏళ్ళు క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే స్టెంట్లు, పేస్‌మేకర్లు పెట్టే గదిలో, నర్సుగా చేసి రిటైరయ్యాను. కిరణ్, నీ కంగారు అర్థమవుతోంది, కానీ ముందు ఒక మాట గట్టిగా చెప్తున్నా. పేస్‌మేకర్ మీద చర్మం ఎర్రబడితే ఇన్ఫెక్షన్ కాదని తేలేదాకా ఇన్ఫెక్షన్ అనే అనుకోవాలి. ఎందుకంటే అది నిజంగా ఇన్ఫెక్షన్ అయితే సూక్ష్మక్రిములు పేస్‌మేకర్ నుంచి గుండెకి వెళ్ళే తీగ పట్టుకుని లోపలికి, కవాటాల దాకా పోతాయి. జ్వరం లేకపోయినా ఉండొచ్చు. ముసలివాళ్ళలో ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు.
ఇంకోటి. ఆ చోట ఎవరైనా సూది గుచ్చి నీరు లాగి టెస్టుకి పంపుతాం అంటే ఒప్పుకోవద్దు. లోపల క్రిములు లేకపోతే ఆ సూదే మోసుకెళ్తుంది.

ఆటోనగర్_సుబ్బు
పేస్‌మేకర్ డబ్బా టైటానియం. టైటానియం ఎవరికీ ఎలర్జీ రాదు, అందుకేగా తుంటి కీళ్ళకీ పళ్ళకీ వాడేది. మేం 30 ఏళ్ళుగా లోహాల మధ్యే బతుకుతున్నాం, నాకు తెలుసు. నెట్‌లో చదివి లేనిపోని భయాలు పెట్టుకోవద్దు, డాక్టర్ తీయాలి అంటే తీయించండి.

తెనాలి_చైతన్య
సుబ్బు అన్నా, అంత తేలిగ్గా కొట్టిపారేయకు. మా మేనమామకి సరిగ్గా ఇదే జరిగింది, మూడేళ్ళ క్రితం. కాస్త పెద్దదిగా రాస్తాను, కిరణ్‌కి పనికొస్తుంది.
ఆయనకి పేస్‌మేకర్ పెట్టిన రెండు నెలలకి చర్మం ఎర్రబడింది. ఇన్ఫెక్షన్ అన్నారు, తీసేశారు, కుడివైపు కొత్తది పెట్టారు. నెలన్నర తిరక్కుండా కుడివైపు కూడా అదే ఎరుపు, అదే దురద. చర్మం పల్చబడి డబ్బా అంచు బయటకి కనబడేంత వచ్చింది. అన్నిసార్లూ కల్చర్ (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) పంపారు, ఒక్కసారి కూడా క్రిమి పెరగలేదు. తెల్లకణాల లెక్క మామూలు, ఒంట్లో వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీ కూడా మామూలు. అప్పుడు వేరే ఊళ్ళో ఒక పెద్ద డాక్టర్ గారు ఫైలంతా చూసి, రెండు వైపులా వచ్చింది, రెండుసార్లూ కల్చర్ ఖాళీ, ఇది ఇన్ఫెక్షన్ అని ఎలా అనుకుంటున్నారు అని అడిగారట. చర్మ డాక్టర్ దగ్గరకి పంపి ప్యాచ్ టెస్ట్ చేయించారు. పేస్‌మేకర్ కంపెనీని అడిగి అందులో వాడే పదార్థాల చిన్న ముక్కలు తెప్పించి అవి కూడా వీపు మీద అంటించారు. టైటానియం ఏమీ చూపించలేదు. డబ్బా పైన తీగలు దూర్చే పారదర్శకమైన ముక్క ఉంటుంది చూడండి, అది ఎపాక్సీ అనే గడ్డకట్టే జిగురు ప్లాస్టిక్‌తో చేస్తారు. దానికి ఎర్రగా దద్దు లేచింది.
మూడోసారి పెట్టేటప్పుడు డబ్బా మొత్తాన్ని పీటీఎఫ్ఈ అనే తెల్లటి పల్చటి పొరలో చుట్టి పెట్టారు. గోర్‌టెక్స్ అంటారు, గుండె ఆపరేషన్లలో అతుకులకి వాడేదే. అప్పటినుంచి ఇవాళ్టి దాకా ఒక్క మచ్చ లేదు. మొన్న సంక్రాంతికి కోడిపందేలకి కూడా వెళ్ళొచ్చారు, అత్తయ్య తిట్టినా వినలేదు.
కాబట్టి వైపు మారిస్తే సరిపోతుంది అనుకోవద్దు. ఎలర్జీ అయితే ఎడమైనా కుడైనా ఒకటే శరీరం.

పెదకాకాని_రవి
మూడు ఆపరేషన్లా!! పాపం మామయ్య. ఆయన గుండె గట్టిదే అన్నమాట.

లక్ష్మీపురం_లెక్చరర్
కెమిస్ట్రీ చెప్తాను కాబట్టి పదార్థాల గురించి రెండు మాటలు. "పేస్‌మేకర్ అంటే టైటానియం" అనేది సగం నిజమే సుబ్బు గారూ. డబ్బా టైటానియం. తీగలు దూర్చే తలభాగం ఎపాక్సీ లేదా పాలీయూరిథేన్. తీగ పైతొడుగు సిలికోన్ రబ్బరు లేదా పాలీయూరిథేన్. తీగ లోపలి లోహం చాలావాటిలో ఎంపీ35ఎన్ అనే మిశ్రమం, అందులో నికెల్ 35 శాతం, కోబాల్ట్ 35 శాతం, మిగతాది క్రోమియం, మాలిబ్డినం. కొసన ప్లాటినం, ఇరిడియం. ఆ కొస దగ్గర వాపు రాకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కొద్దిగా పెడతారు. వీటిలో ఏది పడకపోయినా ఎలర్జీయే. పేస్‌మేకర్ వల్ల చర్మానికి వచ్చే ఎలర్జీ గురించి వైద్య పత్రికల్లో 1970 నుంచే రాస్తున్నారు, కొత్త విషయం కాదు. అరుదు అంతే.
చైతన్య ఎపాక్సీ అంటే ఒకటి గుర్తొచ్చింది. మనిషి శరీరంలో పూర్తిగా అమర్చిన మొట్టమొదటి పేస్‌మేకర్ 1958 అక్టోబర్‌లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే ఆయనకి పెట్టారు. అప్పటికి టైటానియం డబ్బా లేదు. ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీర్ ఆ సర్క్యూట్‌ని బూటు పాలిష్ డబ్బాలో పెట్టి ఎపాక్సీ పోసి గడ్డకట్టించాడు. ఆ మొదటి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. కానీ లార్సన్ ఆ తర్వాత ఒకదాని తర్వాత ఒకటి 26 పేస్‌మేకర్లతో 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు. ఈ కథ చెప్తే క్లాసులో పిల్లలు నిద్ర లేస్తారు.

ఆటోనగర్_సుబ్బు
సరే, డబ్బా ఒక్కటే కాదని ఇప్పుడు తెలిసింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కిరణ్, మీ నాన్న ఏం పని చేసేవారు?

కృష్ణలంక_కిరణ్
సుబ్బు గారూ, మీ ఆటోనగర్‌లోనే. లారీ బాడీ బిల్డింగ్ షెడ్డులో 28 ఏళ్ళు. డెంట్లు పూడ్చే పేస్టులు, ఆరల్డైట్ (అదీ ఎపాక్సీ జిగురే), పెయింటు అన్నీ చేత్తోనే. అప్పుడప్పుడు వేళ్ళ మధ్య పగిలి దురద వచ్చేది, కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ పనిలోకి వెళ్ళేవారు. చైతన్య గారి పోస్టు చదివాక చేతులు వణుకుతున్నాయి. ఎపాక్సీయే అంటారా?

పటమట_పద్మ
అప్పుడే తీర్పు ఇచ్చేయకు. చైతన్యా, మీ మామయ్య సంగతి నిజమే, కానీ నేను చూసిన వందల కేసుల్లో అలాంటిది ఒక్కటి తగిలింది. ఇన్ఫెక్షన్లు మాత్రం చాలా చూశాను. ఎలర్జీ ఏమోలే అని రెండు నెలలు ఊరుకుని, చివరికి గుండె కవాటం పాడై వచ్చిన మనిషిని నా చేతులతో ఐసీయూలో దింపాను. ఇక్కడ చదివి ఆపరేషన్ వాయిదా వేయమని మాత్రం ఎవరూ చెప్పకండి.

తెనాలి_చైతన్య
వాయిదా వేయమనలేదు మేడమ్. తీసేముందు రెండు రోజుల్లో ఇంకో డాక్టర్‌కి చూపించమంటున్నా. మా మామయ్యకి ఆ రెండు రోజులు ఎవరూ ఇవ్వలేదు, అదే నా బాధ. తీగలు తీయడం కూడా తమాషా కాదు కదా.

గుంటూరు_చర్మవైద్యుడు
ఇద్దరూ చెప్పింది సరైనదే. నేను చర్మవ్యాధుల డాక్టర్‌ని, కొత్తపేటలో చూస్తాను. నెట్‌లో రోగ నిర్ధారణ చేయను, కానీ ఏం అడగాలో చెప్తాను.
మొదటిది ఇన్ఫెక్షన్ సంగతి. రక్తం కల్చర్, తెల్లకణాలు, సీఆర్‌పీ, ఈఎస్ఆర్, తీగల మీద ఏదైనా అంటుకుని ఉందా అని ఎకో. అవసరమైతే అన్నవాహిక ద్వారా చేసే ఎకో. యాంటీబయోటిక్ వాడాక తీసిన కల్చర్‌లో క్రిమి పెరగకపోయినంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని చెప్పలేం. ఎప్పుడు తీశారో తేదీ చూడండి. ఇవన్నీ రెండు మూడు రోజుల్లో అయ్యేవే, వీటిని ఆపొద్దు.
రెండోది చర్మం. పేస్‌మేకర్ మీద చర్మం ఎర్రబడితే ఇన్ఫెక్షన్ లేదా లోహం ఎలర్జీ, ఈ రెండే కాదు. కొందరికి దురదా నొప్పీ లేకుండా సన్నటి ఎర్రనరాల వల లాంటి మచ్చ వస్తుంది, వేలితో నొక్కితే తెల్లబడుతుంది, దానికి ఏమీ చేయక్కర్లేదు. కొందరికి ఆపరేషన్ ముందు పూసే ద్రావణం పడదు. కొందరికి ప్లాస్టర్ జిగురు పడదు, అది పలకలా నలుచదరంగా కనబడుతుంది. నిజంగా పరికరం వల్ల వచ్చేది రెండో రోజు నుంచి రెండేళ్ళ దాకా ఎప్పుడైనా రావొచ్చు, సాధారణంగా డబ్బా ఉన్నంత మేరే మొదలవుతుంది.
కిరణ్, మూడు ప్రశ్నలు. ఎరుపు డబ్బా ఉన్నంత మేరకేనా, దాన్ని దాటి చుట్టూ పాకిందా? దురద ఎక్కువా, నొప్పి ఎక్కువా? మీ అమ్మగారు రోజూ రాస్తున్న ఆయింట్‌మెంట్ ఏది? ట్యూబు మీద చిన్న అక్షరాల్లో మందు పేరు ఉంటుంది, అది రాయండి.

మిర్చియార్డ్_మూర్తి
డాక్టర్ గారు వచ్చారు కాబట్టి నాది కూడా చెప్తా. దురద అంటే నాకు భయం లేదు, సీజన్‌లో యార్డులోకి అడుగుపెడితేనే ఒళ్ళంతా మంట. కానీ రెండేళ్ళ క్రితం గుండె రక్తనాళంలో స్టెంట్ (తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం) వేసిన ఎనిమిదో రోజు ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు వచ్చాయి. మా బావమరిది "పథకంలో వేసిన స్టెంట్ కదా బావా, నాసిరకం లోహం, ఒంటికి పడలేదు" అన్నాడు. నేను నమ్మేసి, మందులన్నీ వేడిచేస్తున్నాయేమో అని రెండు రోజులు అన్నీ మానేశా. మూడో రోజు ఛాతీలో పట్టేసినట్టయింది, పరుగు. డాక్టర్ గారు తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. దద్దుర్లు స్టెంట్ వల్ల కాదు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన క్లోపిడోగ్రెల్ మాత్ర వల్ల. దాని బదులు టికాగ్రెలర్ ఇచ్చారు, వారంలో దద్దుర్లు పోయాయి. అదృష్టం కొద్దీ స్టెంట్ మూసుకుపోలేదు.

గుంటూరు_చర్మవైద్యుడు
మూర్తి గారూ, మీరు ఇది రాయడం చాలా మంచి పని. స్టెంట్ తర్వాత దద్దుర్లు వస్తే ముందు అనుమానించేది మాత్రల్నే, లోహాన్ని కాదు. ఆ మాత్రలు సొంతంగా ఆపడం ఎంత ప్రమాదమో మీకు తెలిసొచ్చింది. స్టెంట్‌లో రక్తం గడ్డకడితే గంటల్లో గుండెపోటు. దద్దుర్లు వస్తే ఆసుపత్రికి ఫోన్ చేయండి, వాళ్ళే మాత్ర మారుస్తారు.
లోహానికి ఎలర్జీ లేదని కాదు. 316ఎల్ అనే రకం స్టీలు స్టెంట్లలో నికెల్ ఉంటుంది, కోబాల్ట్ క్రోమియం వాటిలోనూ ఉంటుంది. అసలు ఎలర్జీ వల్లే గుండె రక్తనాళం బిగుసుకుని గుండెపోటు రావచ్చని 1991లో కూనిస్ అనే గ్రీకు డాక్టర్ వివరించారు, ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తారు. స్టెంట్ ఉన్నవాళ్ళలో కూడా అది జరగవచ్చు. కానీ అరుదైనదాన్ని పట్టుకుని రోజూ వేసుకోవాల్సిన మాత్ర ఆపకూడదు.

పెదకాకాని_రవి
రేటు తక్కువైతే లోహం నాసిరకమా డాక్టర్ గారూ? మా నాన్న తాపీ మేస్త్రి, సిమెంటు పడదు, చేతులు ఏనుగు చర్మంలా అవుతాయి. ఆయనకి స్టెంట్ వేయాలంటున్నారు. వైద్య సేవ కార్డు మీదే.

లక్ష్మీపురం_లెక్చరర్
రేటు సంగతి నేను చెప్తా. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకి పరిమితి పెట్టింది, అప్పట్లో మామూలు లోహపు స్టెంట్ 7,260 రూపాయలు, మందు పూసినది 29,600. అంతకుముందు లక్ష దాటి వసూలు చేసేవారు. తగ్గింది ధర, లోహం మారలేదు. ఖరీదైన స్టెంట్లలో కూడా చాలావాటిలో అదే కోబాల్ట్ క్రోమియం.

గుంటూరు_చర్మవైద్యుడు
రవి, సిమెంటు ఎలర్జీ అంటే చాలావరకు అందులోని క్రోమేట్‌కి. స్టెంట్‌లో క్రోమియం లోహ రూపంలో మిశ్రమంలో బిగిసి ఉంటుంది, సిమెంటు తడిలో కరిగే క్రోమేట్ లాంటిది కాదు. అందుకని స్టెంట్ వద్దనుకోవడం సరికాదు. కార్డియాలజిస్ట్‌కి "సిమెంటు పడదు, చేతుల్లో ఎప్పటినుంచో ఉంది" అని ముందే చెప్పండి. గుండెపోటుతో వెళ్తే మాత్రం ఇవేవీ మాట్లాడుకుంటూ కూర్చోవద్దు.

మంగళగిరి_మౌనిక
నా వయసు 27. గుండెలో పుట్టుకతో రంధ్రం, ఏఎస్‌డీ. తొడ నరం ద్వారా గొడుగు లాంటి పరికరం పంపి మూసేస్తాం అన్నారు. నాకు చిన్నప్పటినుంచి వన్ గ్రామ్ గోల్డ్ కమ్మలు పెట్టుకుంటే చెవులు పుండ్లు పడతాయి, జీన్స్ గుండీ తగిలిన చోట బొడ్డు కింద నల్లమచ్చ. ఆ పరికరం నైటినాల్ అనే మిశ్రమమని, అందులో బరువులో దాదాపు 55 శాతం నికెలే, అంటే అలాంటి కమ్మల్లో, గుండీల్లో ఉండే లోహమే అని ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు నేనే చదివి తెలుసుకున్నాను. నన్నెవరూ అడగలేదు. అదే నాకు కోపం. పిన్నీసు పడదా, వాచీ పడదా అని ఒక్క ప్రశ్న అడగడానికి ఎంతసేపు పడుతుంది?
ప్యాచ్ టెస్ట్‌లో నికెల్ గట్టిగానే వచ్చింది. అమ్మ ఛాతీ కోసే ఆపరేషనే చేయించుకో అంది. సర్జన్ గారిని అడిగితే ఆయన నిజాయితీగా చెప్పారు, "అమ్మా, ఛాతీ ఎముక కట్టే స్టీలు తీగల్లోనూ నికెల్ ఉంటుంది, కావాలంటే వేరే దారం వాడాలి" అని. అప్పుడు కూర్చుని మాట్లాడుకున్నాం. నికెల్ పడనివాళ్ళలో చాలామందికి ఈ పరికరం పెట్టినా ఏమీ కాదని, పెట్టిన మొదటి నెల రక్తంలో నికెల్ కాస్త పెరిగి తర్వాత తగ్గిపోతుందని, కొన్ని నెలల్లో దాని మీద శరీరమే పొర కప్పేస్తుందని, కొద్దిమందికి మాత్రం ఛాతీ నొప్పి, దడ, తలనొప్పి వచ్చి తీయాల్సి వచ్చిందని అన్నీ చెప్పారు. నేను పరికరమే ఎంచుకున్నా. మొదటి ఐదు వారాలు తలనొప్పితో కళ్ళు తెరవలేకపోయాను. మూడో నెలకి పోయింది. నికెల్ వల్లేనా అంటే తేల్చి చెప్పలేమన్నారు, నికెల్ పడేవాళ్ళకి కూడా కొందరికి ఆ తలనొప్పి వస్తుందట. ఇప్పుడు బాగున్నా. కానీ అన్నీ తెలిసి ఒప్పుకున్నాను కాబట్టి ఆ ఐదు వారాలు భరించగలిగాను.

బ్రాడీపేట_4వలైన్
మౌనికా, కమ్మలు పుండు పడతాయని మా చెల్లి కూడా అంటుంది. చెవులు కుట్టించుకుంటారు కాబట్టి ఆడపిల్లలకే ఎక్కువ అని విన్నా.

కృష్ణలంక_కిరణ్
డాక్టర్ గారూ, ట్యూబు చూశాను. ఫ్రామైసెటిన్ అని ఉంది. అమ్మ నెలన్నర నుంచి రాస్తోంది. గాయం మానాక ఎందుకు రాస్తున్నావు అంటే, మచ్చ దగ్గర కొంచెం ఎర్రగా కనబడిందని మందుల షాపులో అడిగి తెచ్చిందట. ఎర్రబడే కొద్దీ ఎక్కువ రాసింది. దురద చాలా ఎక్కువ, నొప్పి పెద్దగా లేదు. ఎరుపు డబ్బాని దాటి చంక దాకా, ఇటు మెడ కింద దాకా పోయింది. నాన్న కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు కూడా పొక్కుతున్నాయి. ఆయన కూడా ఒక్కోసారి సొంతంగా రాసుకుంటారు.

గుంటూరు_చర్మవైద్యుడు
ఆ రెండు వేళ్ళ సంగతి చెప్పారు చూడండి, అది చాలా ముఖ్యమైనది. వేళ్ళ దగ్గర పేస్‌మేకర్ లేదు కదా, మందు తగిలిన చోటల్లా వస్తోందేమో చూడాలి. ఇవాళ్టి నుంచి ఆ ట్యూబు ఆపేయండి. పసుపు, కొబ్బరినూనె, ఇంకేదైనా పసరు, ఏదీ వద్దు. రేపే మీ కార్డియాలజిస్ట్‌తో మాట్లాడి రక్తపరీక్షలు, ఎకో చేయించండి. చర్మ డాక్టర్‌కి చూపించండి, నా దగ్గరకే రానక్కర్లేదు, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది, ప్యాచ్ టెస్ట్ చేస్తారా అని అడగండి.
ప్యాచ్ టెస్ట్ అంటే సూది కాదు. వీపు మీద చిన్న చిన్న బిళ్ళల్లో ఒక్కో పదార్థం పెట్టి అంటిస్తారు. 48 గంటలు ఉంచి తీసి చూస్తారు, మళ్ళీ నాలుగో రోజు చూస్తారు. అప్పటిదాకా వీపు తడవకూడదు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, ఫలితం మరుగున పడుతుంది. ఈ మే నెల ఎండల్లో చెమటకి బిళ్ళలు ఊడిపోతాయి, అదే అసలు సమస్య. టైటానియం మాత్రం ఈ టెస్ట్‌లో సరిగా తేలదు, అది లేదని వచ్చినా పూర్తిగా నమ్మలేం.

ఆటోనగర్_సుబ్బు
ఏసీ కావాలంటే మా ఇంటికి తీసుకురా కిరణ్. నిజంగానే చెప్తున్నా. మీ నాన్న పేరు చెప్తే మా షెడ్డు వాళ్ళు గుర్తుపడతారు.

కృష్ణలంక_కిరణ్
థాంక్స్ అన్నా. పటమటలో అక్క వాళ్ళింట్లో ఏసీ ఉంది, అక్కడ పెట్టాం. రక్తపరీక్షలు మామూలుగా వచ్చాయి, ఎకోలో తీగల మీద ఏమీ లేదు. మొదటి కల్చర్ యాంటీబయోటిక్‌కి ముందే తీశారు, అందులోనూ ఏమీ పెరగలేదు. అక్క వాళ్ళింట్లో రెండు రోజులు నాన్న గదిలోంచి కదల్లేదు, వీపు గోడకి ఆనించకుండా స్టూలు మీద కూర్చుని టీవీ చూశారు. అమ్మ తడిగుడ్డతో ముందువైపే తుడిచింది. నాలుగో రోజు చూడాలి.

పటమట_పద్మ
మంచి పని చేశారు. కల్చర్ తేదీ చూసినందుకు ఇంకా సంతోషం. రిపోర్టు రాగానే రాయి, నేను రోజూ చూస్తున్నా.

కృష్ణలంక_కిరణ్
వచ్చింది. ఎపాక్సీ లేదు. కోబాల్ట్, క్రోమియం లేవు. నికెల్ కొద్దిగా. నియోమైసిన్ దగ్గర మాత్రం పొక్కులతో సహా ఎర్రగా లేచింది. ఫ్రామైసెటిన్, నియోమైసిన్ ఒకే యాంటీబయోటిక్ కుటుంబం, ఒకటి పడకపోతే రెండోది కూడా పడదు అని చెప్పారు. ట్యూబు ఆపి అప్పటికి పది రోజులు, ఎరుపు సగం తగ్గింది. పల్చటి స్టెరాయిడ్ క్రీమ్ వారం రోజులు రాయమన్నారు, కార్డియాలజిస్ట్ కూడా తీసే ఆలోచన ఆపి వారానికోసారి చూస్తానన్నారు. నికెల్ సంగతి అడిగితే, తగ్గిపోతోంది కాబట్టి పేస్‌మేకర్‌ని అనుమానించక్కర్లేదు, మళ్ళీ వస్తే అప్పుడు చూద్దాం అన్నారు.
అమ్మకి ఎలా చెప్పాలో తెలియలేదు. తను రాసిన మందు వల్లే అని తెలిస్తే తట్టుకోలేదేమో అనుకున్నా. నాన్నే చెప్పారు. "నువ్వు రాయకపోతే నేను రాసుకునేవాడినే" అని.

తెనాలి_చైతన్య
ఆ చివరి లైను చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. ఆపరేషన్ తప్పింది, అది చాలు కిరణ్.

మిర్చియార్డ్_మూర్తి
మీ అమ్మగారి తప్పేం లేదయ్యా. ప్రతి ఇంట్లో ఏదో ఒక ట్యూబు ఉంటుంది, దెబ్బ తగిలితే అదే రాస్తాం. నేను కూడా ఇవాళ బీరువా తీసి చూశా.

మంగళగిరి_మౌనిక
ఒక్కటి అడుగుతా. అమ్మగారు ఇప్పుడు పప్పు వండుతున్నారా?

కృష్ణలంక_కిరణ్
మూడు వారాలైంది. చర్మం మామూలు రంగులోకి వచ్చింది, పాత మచ్చ ఒక్కటే ఉంది. చేతికి గుడ్డ చుట్టకుండా పడుకుంటున్నారు. నిన్న మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు. నాన్న రెండోసారి వడ్డించుకున్నారు.

పటమట_పద్మ
కిరణ్, పేస్‌మేకర్ కార్డు ఇచ్చారు కదా, మోడల్ నంబరు ఉన్నది. దాని వెనక నియోమైసిన్, ఫ్రామైసెటిన్ పడవు అని రాసి పెట్టు. పదేళ్ళకో ఎప్పుడో బ్యాటరీ అయిపోయి డబ్బా మార్చేటప్పుడు కొన్నిచోట్ల లోపల యాంటీబయోటిక్ నీళ్ళతో కడుగుతారు, ఆ జాతి మందే వాడితే మళ్ళీ మొదటికొస్తుంది. జెంటమైసిన్ గురించి కూడా డాక్టర్‌ని అడుగు, కొందరికి అదీ పడదు.

కృష్ణలంక_కిరణ్
అడిగాను మేడమ్, జెంటమైసిన్ కూడా రాయమన్నారు. మూడు పేర్లూ అమ్మే ఎర్ర పెన్నుతో రాసింది. కార్డు నాన్న చొక్కా జేబులో ఒకటి, జిరాక్స్ అమ్మ పర్సులో ఒకటి.